ఒకే పాటకు ఇద్దరు కర్తలు



ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ గాయని మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో చాలాకాలం కోరస్ పాడారు. ఆమె గొంతు కలిసిన పాటలు ఇంటింటా మోగాయి. రికార్డు కవరు మీద మాత్రం ఆమె పేరు పడలేదు. అలాంటి మనిషిని తలచుకునే రోజున, పాటలో పాడినవాళ్ల వాటా ఎంత అన్న విషయం మాట్లాడడం న్యాయమని నాకు తోచింది. అందుకు నేను ఎంచుకున్న ఉదాహరణ మన దేశానిది కాదు, మన కాలానిదీ కాదు. అమెరికాలో 1965లో ఒక మగవాడు రాసి పాడిన పాటను, 1967లో ఒక స్త్రీ తిరిగి పాడింది. ఆ పాట పేరు ‘రెస్పెక్ట్’. రాసి పాడినవాడు ఓటిస్ రెడ్డింగ్. తిరిగి పాడినది అరీతా ఫ్రాంక్లిన్.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పాడడం కూడా రచనే కాగలదు. ‘రెస్పెక్ట్’ విషయంలో అయింది. చట్టం ఆ పాటకు ఒక్కడే కర్త అంటుంది. చెవి ఉన్నవాళ్లెవరైనా ఇద్దరని ఒప్పుకుంటారు. ఈ రెండు తీర్పుల మధ్య ఉన్న దూరం వల్ల ఎవరికి ఏం దక్కింది, ఎవరికి ఏం దక్కలేదు అన్నదే ఈ సాయంత్రం నా విషయం.

మెంఫిస్‌లో పుట్టిన పాట

ముందుగా ‘సోల్’ సంగీతం గురించి నాలుగు మాటలు. అమెరికా నల్లజాతివారి చర్చిల్లో గాస్పెల్ గీతాలు పాడే తీరు ఒకటుంది. ముందు పాడేవారు ఒక మాట అంటారు, వెనక ఉన్నవారు దానికి బదులు పలుకుతారు. గొంతు తీయగా ఉంటే చాలదు, లోపలి వేడి బయటికి రావాలి. ఆ తీరును భక్తి నుంచి తెచ్చి ప్రేమకు, విరహానికి, సంసారానికి వాడితే వచ్చినదే సోల్. 1950ల్లో రే చార్లెస్, శామ్ కుక్ వంటివారు ఆ దారి వేశారు. 1949 వరకు బిల్‌బోర్డ్ పత్రిక నల్లవారి పాటల జాబితాను ‘రేస్ రికార్డ్స్’ అన్న పేరుతో వేసేది. ఆ పేరు తీసేసి ‘రిథమ్ అండ్ బ్లూస్’ అన్న మాట పెట్టినవాడు అప్పుడు ఆ పత్రికలో పనిచేస్తున్న జెర్రీ వెక్స్‌లర్. ఆయన తరవాత అట్లాంటిక్ రికార్డు కంపెనీలో చేరాడు. మన కథలో మళ్లీ వస్తాడు.

టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరంలో, ఈస్ట్ మెక్‌లెమోర్ అవెన్యూలో ఒక పాత సినిమా హాలును స్టూడియోగా మార్చి, జిమ్ స్టూవర్ట్, ఎస్టెల్ ఆక్స్‌టన్ అనే అక్కాతమ్ముళ్లు ఒక రికార్డు కంపెనీ నడిపారు. ఇద్దరి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కలిపి దానికి స్టాక్స్ అని పేరు. కుర్చీలు తీసేశారు గాని హాలు నేల వాలును అలాగే ఉంచారు. అక్కడి వాద్యబృందంలో బుకర్ టి. జోన్స్, అల్ జాక్సన్ నల్లవారు, స్టీవ్ క్రాపర్, డొనాల్డ్ డన్ తెల్లవారు. వర్ణవివక్ష పాతుకుపోయిన ఊళ్లో ఈ నలుగురూ రోజూ ఒకే గదిలో కూర్చుని సంగీతం చేశారు.

ఓటిస్ రెడ్డింగ్ 1941లో జార్జియా రాష్ట్రంలో డాసన్ అనే ఊళ్లో పుట్టి మేకన్‌లో పెరిగాడు. 1962లో జానీ జెంకిన్స్ అనే గిటారిస్టు రికార్డింగు ఉంటే, కారు నడుపుకుంటూ ఆయనతో స్టాక్స్‌కు వచ్చాడు. ఆ పని అయ్యాక మిగిలిన సమయంలో తనకూ పాడే అవకాశం ఇమ్మన్నాడు. ఆ రోజు పాడిన పాటతోనే గాయకుడైపోయాడు. మూడేళ్ల తరవాత, 1965 జులైలో ‘ఓటిస్ బ్లూ’ ఆల్బమ్‌ను ఆయన, ఆ వాద్యబృందం కలిసి దాదాపు ఒక పగలూ రాత్రీలో ముగించారు. మధ్యలో వాద్యకారులు రాత్రి కచేరీలకు వెళ్లి మళ్లీ వచ్చి కూర్చున్నారు. శబ్దగ్రహణం చూడడానికి న్యూయార్కు నుంచి టామ్ డౌడ్ వచ్చాడు. ఆ ఆల్బమ్‌లో ఓటిస్ స్వయంగా రాసిన పాటల్లో ఒకటి ‘రెస్పెక్ట్’.

ఓటిస్ పాట వినండి. వేగం ఎక్కువ. డ్రమ్ము ఆగకుండా తరుముతుంది. బాకాలు గొంతును ముందుకు నెడతాయి. పాటలోని మగవాడు పని చేసి ఇంటికి వచ్చేవాడు. సంపాదించినదంతా ఆమె చేతిలో పెడతానంటాడు. తాను దూరాన ఉన్నప్పుడు ఆమె తనకు అన్యాయం చేసినా ఓర్చుకుంటానంటాడు. గడపలో కాలు పెట్టాక మాత్రం తనకు కాస్త గౌరవం కావాలంటాడు. అది అలసిపోయిన మనిషి వేడికోలు. బయట ఎక్కడా గౌరవం దొరకని నల్లజాతి కూలివాడికి గౌరవం అడగడానికి మిగిలిన చోటు ఇల్లు ఒక్కటే. అలా వింటే ఆ పాటలో బింకం కన్నా బాధ ఎక్కువ వినిపిస్తుంది. బిల్‌బోర్డ్ రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో ఆ పాట 4వ స్థానానికి, అందరి పాటలూ ఉండే హాట్ 100 జాబితాలో 35వ స్థానానికి వెళ్లింది. ఓటిస్‌కు అది మంచి హిట్టు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, అరీతా పాడేదాకా ఆ పాట మూలన పడి ఉందన్న అభిప్రాయం కొందరిలో ఉంది. అది నిజం కాదు. మిషిగన్ కుర్రాళ్ల బృందం ‘ది రేషనల్స్’ 1966లోనే దాన్ని తిరిగి పాడి హాట్ 100లోకి తెచ్చింది కూడా. ఓటిస్ చేతిలోనే ఆ పాట పూర్తిగా బతికి ఉంది.

అరీతా దారి

అరీతా ఫ్రాంక్లిన్ 1942 మార్చి 25న పుట్టింది. పుట్టిన ఊరు మెంఫిసే. లూసీ అవెన్యూలో ఆమె పుట్టిన ఇల్లు స్టాక్స్ స్టూడియో ఉన్న పేటలోనే ఉంది. పెరిగింది మాత్రం డెట్రాయిట్‌లో. తండ్రి సి. ఎల్. ఫ్రాంక్లిన్ అక్కడి న్యూ బెతెల్ బాప్టిస్టు చర్చిలో పాస్టర్. ఆయన ప్రసంగాలు గ్రామఫోను రికార్డులుగా అమ్ముడుపోయేవి. ప్రసంగం సాగి సాగి ఒక చోట పాటగా మారిపోయే విద్య ఆయనది. 1963 జూన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ నడిచిన డెట్రాయిట్ మహాప్రదర్శన నిర్వాహకుల్లో ఆయన ఒకరు. తల్లి బార్బరా 1952లో, అరీతాకు పదేళ్లు నిండే ముందు చనిపోయింది. అక్క ఎర్మా, చెల్లెలు కారొలిన్ ఇద్దరూ గాయనులే.

1960లో జాన్ హామండ్ అరీతాను కొలంబియా కంపెనీలో చేర్చాడు. అక్కడ ఆరేళ్లు జాజ్ పాటలు, నాటకశాలల పాటలు పాడింది. గొంతు అందరికీ నచ్చింది, పాట మాత్రం జనంలోకి వెళ్లలేదు. ఒప్పందం ముగిశాక జెర్రీ వెక్స్‌లర్ ఆమెను అట్లాంటిక్‌కు తీసుకున్నాడు. ఆయన చేసిన పెద్ద పని ఆమెను పియానో ముందు కూర్చోబెట్టడం. తానే వాయిస్తూ పాడితే పాట నడక ఆమె చేతిలోనే ఉంటుంది.

1967 జనవరిలో అలబామా రాష్ట్రంలో మజిల్ షోల్స్ దగ్గర ఫేమ్ స్టూడియోలో మొదటి రికార్డింగు జరిగింది. అక్కడి వాద్యకారులు తెల్లవారు. ఒక పాట పూర్తయింది, రెండోది సగంలో ఉంది. అంతలో అరీతా భర్త టెడ్ వైట్‌కు, ఒక వాద్యకారుడికి మాటామాటా పెరిగింది. ఆ రాత్రి స్టూడియో యజమాని రిక్ హాల్‌తో తగవు ఇంకా ముదిరి, రికార్డింగు ఆగిపోయింది. వెక్స్‌లర్ ఆ వాద్యకారులనే, శాక్సఫోన్ విద్వాంసుడు కింగ్ కర్టిస్ ఆల్బమ్ పని ఉందన్న పేరుతో, న్యూయార్కు రప్పించాడు. మిగిలిన పాటలు బ్రాడ్‌వేలోని అట్లాంటిక్ స్టూడియోలో తయారయ్యాయి. ‘రెస్పెక్ట్’ రికార్డింగు జరిగిన రోజు 1967 ఫిబ్రవరి 14. శబ్దగ్రహణం చూసినవాడు టామ్ డౌడ్. మెంఫిస్‌లో ఓటిస్ గొంతును పట్టుకున్న మనిషే న్యూయార్కులో అరీతా గొంతునూ పట్టుకున్నాడు.

ఆమె ఏం మార్చింది

అరీతా ఆ పాటను స్టూడియోకు రాకముందే కచేరీల్లో పాడుతూ మలుచుకుంది. చెల్లెలు కారొలిన్‌తో కూర్చుని పల్లవికి బదులు పలికే కోరస్‌ను కట్టుకుంది. ఆమె చేసిన మార్పులను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, మాట్లాడే మనిషి మారింది. ఇప్పుడు మాట్లాడేది ఇంట్లో ఉన్న ఆడమనిషి. సర్వనామాలు అటూ ఇటూ చేస్తే అయ్యే పని కాదది. ఓటిస్ పాటలో మగవాడు ఆమె తప్పు చేసినా సహిస్తానన్నాడు. అరీతా పాటలో స్త్రీ తాను తప్పు చేయనంటుంది. ఎందుకు చేయదు? భయపడి కాదు, లోకం ఏమంటుందోనని కాదు. తనకు చేయాలని లేదు కాబట్టి చేయదు. నిజాయితీని ఆమె తన ఇష్టంగా ప్రకటించింది. అలా ప్రకటించాక గౌరవం ఆమె అడుక్కునేది కాకుండా, అవతలివాడు ఇవ్వవలసిన బాకీ అయింది.

రెండోది డబ్బు. ఓటిస్ పాటలో డబ్బు మగవాడిది. అరీతా పాటలోనూ డబ్బు ఇస్తానన్న మాట ఉంది, కాని ఇచ్చేది ఆమె. సంపాదించే స్త్రీ, తన సంపాదన ఇవ్వగల స్త్రీ, దానికి బదులుగా తనకు చెందవలసిన మన్నన చెల్లించమంటోంది. చివర్లో ఒక హెచ్చరిక కూడా చేరుస్తుంది. ఇంటికి వచ్చేసరికి తాను అక్కడ ఉండకపోవచ్చునని. ఓటిస్ పాటలో ఆ మాట లేదు, ఉండదు కూడా. వెళ్లిపోగలిగిన మనిషి అడగడం వేరు, వెళ్లలేని మనిషి అడగడం వేరు.

మూడోది అక్షరాలు. వాద్యాలన్నీ ఆగి ఆగి మోగుతుండగా అరీతా ఆ ఇంగ్లీషు మాటలోని ఏడు అక్షరాలనూ విడివిడిగా పలుకుతుంది. ఈ రోజు ప్రపంచంలో ఎవరికైనా ఆ పాట అనగానే మొదట గుర్తుకొచ్చే చోటు అదే. ఓటిస్ పాటలో అది లేనే లేదు. ఆ పాటను రెండేళ్ల కిందట తన చేత్తో రికార్డు చేసిన టామ్ డౌడ్‌ను ఆ రోజు బాగా ఆశ్చర్యపరిచినది కూడా ఆ చోటే.

నాలుగోది కోరస్. ఎర్మా, కారొలిన్ అరీతా వెనక పాడే తోడుగొంతులుగా మిగిలిపోలేదు. ఎదుట ఉన్న మగవాడికి అరీతా చెప్పే ప్రతి మాటకూ పక్కన నిలబడి ఔనన్నారు. న్యూ బెతెల్ చర్చిలో పాస్టర్ మాటకు సభ పలికే బదులు ఇక్కడ అక్కచెల్లెళ్ల మాట అయింది. ఇంట్లోవాళ్లు అరీతాను పిలిచే ముద్దుపేరు రీ. కోరస్‌లో ఆ పేరు ధ్వనించేలా పల్లవి మాట మొదటి అక్షరాన్ని గబగబా తిప్పారు. ఒక్క స్త్రీ ఫిర్యాదుగా ఉండవలసిన పాట ముగ్గురు గొంతు కలపడంతో పేట మొత్తం తీర్పులా వినిపించింది. ఈ పాటలోంచి కోరస్ తీసేస్తే పాట సగమైనా మిగలదు.

ఐదోది సంగీత నిర్మాణం. ఓటిస్ పాట ఒకే తరహాలో సాగిపోతుంది, మధ్యలో మలుపు లేదు. అరీతా పాటకు ఒక మలుపు కావలసివచ్చింది. ఆ వారాల్లోనే స్టాక్స్ నుంచి వచ్చిన శామ్ అండ్ డేవ్ పాట ఒకదాని స్వరసంపుటిని తీసుకుని దాని మీద కింగ్ కర్టిస్ శాక్సఫోన్ వాయించాడు. ‘సి’ శ్రుతిలో నడుస్తున్న పాట అక్కడ ఉన్నట్టుండి ‘ఎఫ్ షార్ప్’కు వెళుతుంది. మన లెక్కలో చెప్పాలంటే షడ్జమం ఎత్తి ప్రతిమధ్యమం మీద పెట్టినంత దూరం. అక్కణ్ణుంచి పాట మళ్లీ సొంత శ్రుతికి దిగగానే అక్షరాలు పలికే ఘట్టం వస్తుంది. ఆ దూరం వెళ్లి వచ్చినందువల్లే ఆ రాక అంత బలంగా తగులుతుంది. అడుగున రోజర్ హాకిన్స్ డ్రమ్ములు, టామీ కాగ్‌బిల్ బేస్, స్పూనర్ ఓల్డమ్ ఆర్గన్, అన్నిటి మధ్యా అరీతా పియానో. ఇదంతా రెండున్నర నిమిషాల లోపే.

మన సంప్రదాయంలో ఇలాంటిది మనకు బాగా తెలుసు. త్యాగరాజ కృతి పాడేటప్పుడు గురుశిష్య పరంపరలో చేరిన సంగతులు ఎన్నో ఉన్నాయి. కృతి త్యాగయ్యదే, కాని ఫలానా పాఠాంతరంలోని ఫలానా సంగతి ఫలానా విద్వాంసుడిదని జాణలైన శ్రోతలు గుర్తుపట్టి గౌరవిస్తారు. అరీతా వేసినవి ఆ జాతి సంగతులే. అయితే ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. సాహిత్యం అర్థాన్ని, పాట నిర్మాణాన్ని, మాట్లాడే మనిషిని కూడా మార్చేసింది.

గెలుపు, దాని అర్థం

1967 మార్చిలో వచ్చిన ఆమె తొలి అట్లాంటిక్ ఆల్బమ్‌కు ‘రెస్పెక్ట్’ మొదటి పాట. ఏప్రిల్‌లో విడి రికార్డుగా వచ్చింది. జూన్ 3 నాటి హాట్ 100 జాబితాలో 1వ స్థానానికి చేరి అక్కడ రెండు వారాలు నిలిచింది. రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో ఎనిమిది వారాలు మొదటి స్థానం వదలలేదు. మరుసటి ఏడాది రెండు గ్రామీ బహుమతులు తెచ్చింది. అందులో ఒకటి రిథమ్ అండ్ బ్లూస్ గాయనికి ఆ ఏడాదే కొత్తగా పెట్టినది. ఆ బహుమతిని ఆమె వరసగా ఎనిమిదేళ్లు అందుకుంది.

ఓటిస్ ఏమనుకున్నాడు? 1967 జూన్ 17న కాలిఫోర్నియాలో మాంటెరే పాప్ ఉత్సవంలో ఆయన ‘రెస్పెక్ట్’ పాడబోతూ, ఈ పాటను ఒక అమ్మాయి తన దగ్గర నుంచి ఎత్తుకుపోయిందని నవ్వుతూ చెప్పాడు. చెప్పి, తన పద్ధతిలో, తన వేగంతో పాడాడు. ఆ మాటలో ఉక్రోషం లేదు. ఒక కర్త ఇంకో కర్తను ఒప్పుకున్న పెద్దరికం ఉంది. ఆరు నెలలు తిరగకుండానే, డిసెంబరు 10న, విస్కాన్సిన్ రాష్ట్రంలోని మొనోనా సరస్సులో విమానం కూలి ఆయన చనిపోయాడు. వయసు 26. కొద్దిరోజుల ముందు రికార్డు చేసిన ‘డాక్ ఆఫ్ ద బే’ 1968 మార్చిలో హాట్ 100లో మొదటి స్థానానికి వెళ్లింది. పాడినవారు పోయాక ఆ స్థానం చేరిన తొలి పాట అదే.

అరీతా పాట జనం నోళ్లలో ఉన్న ఆ వేసవిలోనే, జులై 23న, ఆమె పెరిగిన డెట్రాయిట్ అల్లర్లలో తగలబడింది. ఐదు రోజుల్లో 43 మంది చనిపోయారు. పోలీసుల చేతిలో, ఉద్యోగాల్లో, అద్దె ఇళ్ల దగ్గర అవమానాలు పడ్డ జనానికి ఆ పాట పేరే ఒక కోరికైంది. పౌరహక్కుల కార్యకర్తలూ స్త్రీల హక్కుల కోసం నిలబడ్డవారూ దాన్ని తమ పాటగా తీసుకున్నారు. 1968 ఫిబ్రవరి 16న డెట్రాయిట్ నగరం అరీతా పేరున ఒక దినం జరిపినప్పుడు మార్టిన్ లూథర్ కింగ్ స్వయంగా వచ్చి ఆమెను సత్కరించాడు. రెండు నెలలు గడవకముందే ఆయన హత్య జరిగింది. ఆయన స్మారక సభలో ఆమె పాడింది. భార్యాభర్తల సంభాషణగా పుట్టిన పాట ఒక జాతి పాటగా ఎలా మారింది? మొదటి పాటలో అడుగుతున్నది ఇంట్లో పెత్తనం ఉన్న మనిషి. రెండో పాటలో అడుగుతున్నది ఎక్కడా పెత్తనం లేని మనిషి, అయినా తలవంచని మనిషి. అణగారినవారెవరైనా ఆ గొంతులో తమ గొంతు కలపగలరు. ఆ తలుపు తెరిచింది అరీతా చేసిన మార్పులే.

డబ్బు దగ్గర ఏం జరిగింది

ఇప్పుడు కఠినమైన భాగానికి వస్తాను. రికార్డు మీద రచయితగా ఉన్న పేరు ఓటిస్ రెడ్డింగ్ ఒక్కడిదే. ఈ రోజుకీ అంతే. అమెరికాలో 1909 కాపీరైటు చట్టం ప్రకారం, ఒకసారి రికార్డుగా వచ్చిన పాటను ఎవరైనా నిర్ణీత రుసుము చెల్లించి తిరిగి రికార్డు చేసుకోవచ్చు. కాపీ ఒక్కింటికి రెండు సెంట్ల రుసుము 1970ల చివరిదాకా మారలేదు. ఈ వెసులుబాటు లేకుంటే ఇన్ని గొప్ప కవర్ వెర్షన్లు వచ్చేవే కావు. కాని అదే పద్ధతిలో, తిరిగి పాడినవారు చేర్చినదానికి రచయిత హక్కు రాదు. ఏడు అక్షరాలు విడదీసి పలకడం, కోరస్, మలుపు, ఇవేవీ అరీతాను గాని కారొలిన్‌ను గాని కర్తలను చేయలేదు.

రేడియో సంగతి ఇంకా విచిత్రం. అమెరికాలో మామూలు రేడియో స్టేషన్లు పాట వేస్తే రచయితకూ ప్రచురణకర్తకూ డబ్బు కడతాయి. పాడినవారికి, వాయించినవారికి ఏమీ కట్టవు. చాలా దేశాల్లో ఇలా లేదు, అమెరికాలో ఇప్పటికీ ఇలాగే ఉంది. అంటే యాభై ఏళ్ల పాటు అమెరికా రేడియోలో అరీతా ‘రెస్పెక్ట్’ మోగిన ప్రతిసారీ రచయిత హక్కుదారులకు డబ్బు వెళ్లింది, అరీతాకు వెళ్లలేదు. రికార్డుల అమ్మకాల మీద ఒప్పందం ప్రకారం వచ్చేది వేరు. రేడియో వాటా సున్నా. ఓటిస్ కుటుంబానికి ఆ డబ్బు చెందడం న్యాయమే. 26 ఏళ్లకు పోయినవాడి భార్యాబిడ్డలకు ఆ పాట ఆసరా అయింది. నా అభ్యంతరం వారికి వచ్చినదాని మీద కాదు, ఆమెకు రానిదాని మీద.

ఇంటర్నెట్, ఉపగ్రహ రేడియోల మీద పాడినవారికి వాటా ఇవ్వాలని 1995లో చట్టం వచ్చింది. అయితే అమెరికా కేంద్ర చట్టం 1972 ఫిబ్రవరి 15 తరవాతి రికార్డింగులనే గుర్తించేది. 1960ల సోల్ సంగీతమంతా ఆ గీతకు ఇవతలే ఉండిపోయింది. పాత కళాకారుల కోసం 2014లో ఒక బిల్లు తెచ్చి, అక్షరాలు కలిసివచ్చేలా దానికి ‘రెస్పెక్ట్ యాక్ట్’ అనే పేరు పెట్టారు. అది చట్టం కాలేదు. చివరికి 2018 అక్టోబరు 11న సంతకమైన మ్యూజిక్ మోడర్నైజేషన్ చట్టం ఆ పాత రికార్డింగులకూ డిజిటల్ వాటా ఇచ్చింది. అరీతా ఆగస్టు 16న చనిపోయింది. రెండు నెలల తేడాతో ఆ న్యాయం ఆమె కళ్ల ముందు జరగలేదు.

ఈ అన్యాయం ఆమెకు తెలియనిది కాదు. తన ముందు తరం నల్లజాతి గాయకులు ఎలా మోసపోయారో ఆమె చూసింది. అందుకే కచేరీ డబ్బు రొక్కంగా ముందే తీసుకునేది. ఆ డబ్బున్న చేతిసంచిని తన కళ్లకు ఆనేలా వేదిక మీదే పెట్టుకునేది. దాన్ని ఒక గొప్ప గాయని చాదస్తంగా చెప్పుకునేవారున్నారు. నాకు అది ఆ పాటలోని రెండో మార్పుకు కొనసాగింపుగా కనిపిస్తుంది. తన సంపాదన తన చేతిలో ఉంటేనే మన్నన అడగగలనని ఆమెకు తెలుసు. 1970లో నల్లజాతి ఉద్యమకారిణి ఏంజెలా డేవిస్ జైల్లో ఉన్నప్పుడు జామీను డబ్బు తాను కడతానని ముందుకు వచ్చింది. ఆ డబ్బు తనకు నల్లజాతి జనం ఇచ్చిందేనని, వారి కోసమే వాడతానని చెప్పింది.

కోరస్ పాడిన ఎర్మా కథ కూడా చెప్పాలి. 1967లోనే ఆమె ‘పీస్ ఆఫ్ మై హార్ట్’ పాడింది. రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో అది 10వ స్థానానికి చేరింది. మరుసటి ఏడాది జానిస్ జాప్లిన్ గొంతుతో ‘బిగ్ బ్రదర్’ బృందం దాన్నే పాడితే హాట్ 100లో 12వ స్థానానికి వెళ్లింది. ఈ రోజు చాలామందికి అది జాప్లిన్ పాట. ఎర్మా ఆ పాట రచయిత కాదు కాబట్టి ఆ రెండో గెలుపులో ఆమెకు రచయిత వాటా కూడా లేదు. ఒకే ఇంట్లో అక్కచెల్లెళ్లలో ఒకరు పరుల పాటను సొంతం చేసుకుంటే, ఇంకొకరు సొంతం చేసుకున్న పాట పరులదైపోయింది.

మన చట్టం, మన బాధ్యత

ఈ కథ మన చట్టం ముందు పెడితే ఏమవుతుందో చూడడం అవసరం. మన కాపీరైటు చట్టానికి 2012లో వచ్చిన సవరణ రెండు పనులు చేసింది. 38ఎ సెక్షను ద్వారా, పాడినవారికి వారి ప్రదర్శన వ్యాపారానికి వాడినప్పుడు రాయల్టీ హక్కు ఇచ్చింది. సినిమా కోసం పాడడానికి ఒప్పుకున్నా ఆ హక్కు పోదు. ఈ విషయంలో కాగితం మీద మనం అమెరికా కన్నా ముందున్నాం. ఆ హక్కును ఆచరణలోకి తేవడానికి గాయకులు 2013లో ఒక సంఘం పెట్టుకున్నారు. మన ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యం దానికి అండగా నిలిచినవారిలో ఒకరు.

అదే సవరణలో 31సి సెక్షను కవర్ వెర్షన్ల గురించి. తొలి రికార్డింగు వచ్చిన ఏడాది ముగిశాక అయిదేళ్లు ఆగాలి. యజమాని ఒప్పుకున్నవి, సాంకేతికంగా తప్పనివి కాక మరే మార్పూ సాహిత్యంలో గాని సంగీతంలో గాని చేయకూడదు. దీనిని ‘రెస్పెక్ట్’కు అన్వయించి చూడండి. 1965 పాటను 1971 దాకా ముట్టుకోకూడదు. ముట్టుకున్నా, మగవాడి మాటను ఆడదాని మాట చేయకూడదు, అక్షరాలు పలకకూడదు, శాక్సఫోన్ మలుపు పెట్టకూడదు. యజమాని దయతలిచి విడిగా అనుమతి ఇస్తే తప్ప అరీతా పాట పుట్టదు. మూలరచన చెడకుండా కాపాడాలన్న ఉద్దేశం మంచిదే. చౌకబారు అనుకరణల నుంచి మన సినిమా పాటలను రక్షించవలసిన అవసరం నిజంగానే వచ్చింది. కాని అనుకరించేవాణ్ణీ, పునఃసృష్టి చేసేవాణ్ణీ ఒకే గాటన కట్టే నియమం కళకు మేలు చేయదు. అమెరికా చట్టం అరీతాను పాడనిచ్చింది, ఫలితం ఇవ్వలేదు. మన చట్టం ఫలితం ఇస్తానంటుంది, అలా పాడనివ్వదు. ఈ రెండింటిలోని మంచి ఒకచోట చేరాలన్నది నా కోరిక. తిరిగి పాడేవారికి స్వేచ్ఛ, మూలకర్తకు రుసుము, కొత్తగా చేర్చినదానికి చేర్చినవారి పేరు, వాటా.

చట్టం మారేదాకా ఆగనక్కర్లేని పనులు కొన్ని ఉన్నాయి. అవి మన చేతుల్లోవే. పాట గురించి రాసే విమర్శకులు రచయిత, సంగీత దర్శకుడు అనే ఇద్దరి దగ్గర ఆగిపోకుండా పాడినవారు ఆ పాటలో ఏం చేశారో చెవిపెట్టి విని రాయాలి. పాటలు విడుదల చేసే సంస్థలు కోరస్ పాడినవారి పేర్లు, వాద్యకారుల పేర్లు వేయాలి. ఇప్పుడు అచ్చు ఖర్చు లేదు, స్థలం చాలదన్న సాకు లేదు. పాత రికార్డింగుల్లో పాడిన పెద్దలు ఇంకా మన మధ్య ఉండగానే వారిని కలిసి ఏ పాటలో ఎవరు పాడారో, ఎవరు వాయించారో నమోదు చేయాలి. ఈ స్మారక నిధి తరఫున ఏటా ఒక ఉపన్యాసంతో పాటు అలాంటి నమోదు కొంతైనా జరిగితే, ఎవరి పేరున మనం కూడామో వారికి తగిన పని జరిగినట్టు.

అమెరికా జాతీయ గ్రంథాలయం 2002లో భద్రపరచదగిన ధ్వనిముద్రణల తొలి జాబితా తయారు చేసినప్పుడు అరీతా ‘రెస్పెక్ట్’ను అందులో చేర్చింది. 2021లో రోలింగ్ స్టోన్ పత్రిక ఎన్నదగిన 500 పాటల్లో దాన్ని మొదటిదిగా నిలిపింది. ఇవి మంచి గౌరవాలే. అయితే ఆ పాట స్వయంగా చెప్పిన మాట మరచిపోకూడదు. ఇంటికి డబ్బు తెచ్చే మనిషి మన్నన కోరుకున్నాడు, మన్నన కోరిన మనిషి తన డబ్బు తానే లెక్కపెట్టుకుంది. ఓటిస్, అరీతా ఇద్దరూ తమ తమ పద్ధతుల్లో చెప్పినది ఒకటే. శ్రమకు దక్కవలసిన డబ్బు, మనిషికి దక్కవలసిన మన్నన వేరువేరు కావు. పాడేవారిని చప్పట్లతో గౌరవించి, కర్తృత్వంలోనూ రాబడిలోనూ వాటా లేకుండా పంపిస్తే అది సగం గౌరవం కూడా కాదు. మిగిలినది చెల్లించే బాధ్యత పాట విని ఆనందించిన మనందరి మీదా ఉంది.